పద్నాలుగో నంబరు ఇల్లు

తనను గురించి రాస్తే ఒక పేజీ కూడా నిండదని ఇలక్కియకు సోమవారం పొద్దున తెలిసింది. కోయంబత్తూరులో గాంధీపురం బస్టాండు వెనక, లాడ్జీకీ చీరల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న జిరాక్స్ కొట్టులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉందామె. కంప్యూటరు ముందున్నది జెబమలర్. ఇద్దరిదీ ఒకే కాలనీ, ఒకే కార్పొరేషన్ బడి. ఇలక్కియ బీకామ్ దాకా వెళ్ళింది. జెబమలర్ పన్నెండో తరగతితో ఆగి ఈ కొట్టులో చేరింది. అయినా ఇవాళ ఎవరు పంతులో ఎవరు పిల్లకాయో వేరే చెప్పనక్కర్లేదు.

“పేరయింది. చదువయింది,” అంది జెబమలర్. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగి మాయమైనా ఆమె వేళ్ళకు వాటితో పని లేదు. “అనుభవం?”

“ఏముండాది? ఒకటీ లేదు.”

“ఫ్రెషర్ అని కొడతా. మర్యాదగా ఉంటాది. నాయన పని?”

ఇలక్కియ వెనక్కి తిరిగి చూసింది. జిరాక్స్ కోసం నిలబడ్డ పెద్దాయన తన ఆధార్ కార్డు తానే చదువుకుంటున్నాడు. నాయన అయ్యాసామి పొద్దున అయిదింటికి చెత్తబండి తీసుకుని వార్డుకు బయలుదేరుతాడు, కాంట్రాక్టు మీద. “కార్పొరేషన్ అని కొట్టు,” అంది. “అంతే చాలు.”

“తెలిసిన భాషలు?”

“తమిళం. ఇంగ్లీషు.”

“తెలుగు?”

“వద్దు.”

జెబమలర్ ఎందుకని అడగలేదు. అడిగేదానికేముంది? ఈ ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కొల్లలు. మిల్లులు కట్టిన నాయుళ్ళ ఇళ్ళలోనూ తెలుగే, ఆ మిల్లుల ముందు కాలవ తీసేవాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. కాకపోతే తెలుగు అనగానే ఎదుటివాళ్ళ కన్ను అడ్రసు మీదికి పోతుంది. బంగళాల వీధి అయితే పాత కుటుంబం అంటారు. వీళ్ళుండే మేట్టు కాలనీ అయితే ఏమీ అనరు. కులమేదో కాగితం మీద రాయకుండానే రాసినట్టయిపోతుంది.

“తెలుగు తీసేసి మేట్టు కాలనీ పెట్టి ఏం లాభమే?” అంది జెబమలర్ గొంతు తగ్గించి. “ఈ అడ్రసుతో పోయిన నెల ముగ్గురికి కొట్టిచ్చినా. ఒక్కరికీ ఫోను రాలా.”

ఇలక్కియకు ఆ సంగతి ఒకరు చెప్పాలా? పోయిన వారం ఒక బట్టల షోరూములో, అద్దాల బల్ల వెనక కూర్చున్నామె దరఖాస్తు పైనుంచి కిందికి నవ్వుతూ చదివింది. అడ్రసు దగ్గర నవ్వు ఆగలేదు, అలాగే ఉంది. కాగితం మాత్రం ఎడమ వైపు దొంతరలోకి పోకుండా సొరుగులోకి పోయింది. సొరుగు మూసుకున్న చప్పుడు ఇలక్కియ చెవిలో ఇంకా ఉంది.

“వేరే ఎవరిదైనా పెట్టుకో. అందరూ పెట్టేదే. మా చిన్నమ్మ కొడుకు చర్చి ఫాదర్ బంగళా అడ్రసు పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడికి బ్యాంకు నుంచి లెటర్లన్నీ ఫాదర్‌కే పోతాయి.”

ఇలక్కియకు నోటికి వచ్చిన పరాయి అడ్రసు ఒక్కటే ఉంది. అమ్మ పని చేసే ఇల్లు. బళ్ళో చదివే రోజుల్లో సాయంత్రాలు ఆ గేటు బయట నిలబడి అమ్మ కోసం ఎదురుచూస్తూ, వేరే పని లేక, లోపల తలుపు పక్క గోడకున్న ఇత్తడి పలక చదువుతూ ఉండేది.

“పద్నాలుగు,” అంది. “కృష్ణన్ కోవెల వీధి.”

జెబమలర్ కొట్టింది. తెరమీద ఆ లైను ఇలక్కియ పేరు కింద చక్కగా ఒదిగింది. అంత చక్కగా ఒదిగేసరికి ఆమెకే ఆశ పుట్టింది.

“ఇప్పుడు తెలుగు పెట్టు,” అంది.

జెబమలర్ పకపకా నవ్వింది. ఇలక్కియ కూడా నవ్వింది. ఒక్క లైనుకే తెలుగు గుట్టులోంచి గౌరవంలోకి వచ్చేసింది మరి. ప్రింటరు లోంచి వేడిగా వచ్చిన కాగితం చేతిలోకి తీసుకున్నాక నవ్వు పోయింది. అడుగున, పైన చెప్పినదంతా నేనెరిగినంతలో నిజం అని ఇంగ్లీషులో ఉంది. దాని కింద ఎప్పటికన్నా పెద్దగా సంతకం పెట్టింది. ఎందుకు పెద్దగా పెట్టిందో ఆమెకు తెలియదు, చెవులు మాత్రం వేడెక్కాయి.

*

ఫోను మరునాడే వచ్చింది. అడ్రసు మహిమ అంత తొందరగా పని చేస్తుందని ఆమె అనుకోలేదు. బుధవారం పదింటికి, ఊరి చివర మోటారు పంపుల కంపెనీలో, స్టాఫు మేనేజరు తిరుమలసామి ముందు కూర్చుంది. యాభై దాటిన మనిషి. నుదుట సన్నని ఎర్రనామం, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. పెన్సిలు ములుకును లైను లైనుకూ ఆనిస్తూ రెజ్యూమె చదువుతున్నాడు. మార్కుల దగ్గర ఆగలేదు. ఫ్రెషర్ దగ్గర ఆగలేదు. తెలుగు దగ్గర ఆగింది. తర్వాత పైకి పోయి అడ్రసు దగ్గర ఆగింది.

“తెలుగు వస్తాదా?” అన్నాడు, అప్పటిదాకా మాట్లాడిన తమిళం వదిలేసి.

“వస్తాదండీ.”

“కృష్ణన్ కోవెల వీధి! ఆడ మా పెద్దమ్మ వాండ్లు కూడా ఉండిరి ఒకప్పుడు.” కళ్ళద్దాలు తీసి ఆమెను కొత్తగా చూశాడు. “మనవాండ్లేనా?”

ఇలక్కియ తల ఊగింది. నోటితో చెప్పాల్సి వస్తే ఏమై ఉండేదో గాని, తలకాయ తనంతట తానే ఊగేసింది. ఊగాక దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి కనబడలేదు.

“చూసితిరా, మొగం చూస్తేనే అనుకొంటిని,” అన్నాడాయన. అంతవరకూ ‘నువ్వు’ అన్నవాడు ‘మీరు’లోకి వచ్చాడు. గంట కొట్టి కాఫీ తెప్పించాడు. సాసరుతో సహా వచ్చింది. “తాగండి అమ్మిణీ. మన భాష మాట్లాడే బిడ్డలే దొరకరు. మా ఇంట్లో మనవళ్ళే తమిళం, ఇంగ్లీషు తప్ప నోరు తెరవరు.”

కంపెనీకి ఆంధ్ర వైపు డీలర్లు ఎక్కువ. వాళ్ళ ఫోన్లు చూసే అమ్మాయి పెళ్ళి చేసుకుని తేని అనే ఊరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఆ బల్ల ఖాళీ. మాట్లాడుతుండగానే అక్కడి ఫోను మోగింది. తిరుమలసామి గడ్డంతో అటు చూపించాడు. అదే పరీక్ష.

నంద్యాల దగ్గర్నుంచి ఒక డీలరు. ఎత్తగానే అరుపులు. మోటారు రొద పెడుతోందట, చుక్క నీరు రావడంలేదట, రైతు కొట్టు ముందు కూర్చుని లేవనంటున్నాడట.

“కాస్త నిదానంగా చెప్పండన్నా,” అంది ఇలక్కియ. “మోటారు రొద పెట్టి ఆగిపోతా ఉండాదా, రొద పెడతానే ఉండాదా? కాలిన వాసన వస్తాదా?”

కాలనీకంతటికీ ఒకే బోరు. దాని మోటారు ప్రతి వేసవీ కాలిపోతుంది. బిందె పట్టుకుని నిలబడి మెకానిక్కు తిట్లన్నీ వింటూ పెరిగిన పిల్లకు మోటారు రొదల్లో తేడాలు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? అనుభవం దగ్గర ఇది రాయాలని ఆమెకూ తోచలేదు, జెబమలర్‌కూ తోచలేదు. ఆమె అడిగింది, అతను చెప్పాడు, కరెంటు ఒక ఫేజు రావడంలేదని ఇద్దరూ కలిసి తేల్చారు. అరుపులు తగ్గాయి.

“నీ తెలుగు మా అవ్వ మాట్లాడినట్టుందమ్మా. ఏ ఊరు మీది?” అన్నాడు డీలరు.

“కోయంబత్తూరేనన్నా.”

తిరుమలసామి ముఖం వెలిగిపోయింది. “సోమవారం చేరిపోండి,” అన్నాడు. “ఒకటుండాది, వెరిఫికేషను. రెండు మూడు దినాల్లో మనిషి వచ్చి ఇల్లు చూసి, ఒక ఫోటో తీసుకొని పోతాడు. ఊరికే, రూలు కోసరం.”

మిగిలిన కాఫీ అలాగే వదిలేసి ఆమె లేచింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడమైతే తొక్కేసింది. కడుక్కునే నీళ్ళు ఎక్కడున్నాయో తెలియక బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచింది.

*

“నేనూ వస్తా, మా,” అంది ఇలక్కియ గురువారం పొద్దున, తల్లి ఇరుళాయి కొంగు బిగించి పనికి బయలుదేరుతుంటే.

“ఏమే కొత్తగా?”

“ఊరికే ఉండాను కదా. నీకు సాయంగా.”

ఇరుళాయి కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి, చెప్పులు వేసుకుంది. కూతురు చీపురు పట్టకూడదని ఆమె పట్టు. అందుకే ఆ ఇంటి గేటు లోపలికి కూడా ఎన్నడూ పిలిచింది లేదు. కాని ఆ వేళ వెంట రానిచ్చింది.

గేటు దగ్గర తానుంటే, వచ్చేవాడిని వీధిలోనే పలకరించి, ఇదే ఇల్లు అని చూపించి పంపేయొచ్చు. అదీ ఇలక్కియ ఆలోచన. ఆలోచన చిన్నదే. దాని కోసం వాకిలి మాత్రం నాలుగుసార్లు ఊడ్చింది.

పద్నాలుగో నంబరు ఇంట్లో పనికి ఒక పద్ధతి ఉంది. ఇరుళాయి ముందు వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లుతుంది. అరుగు కింది దాకానే. అరుగుకు మూడు మెట్లు, మెట్ల పైన తలుపు, తలుపు పక్కన ఇత్తడి పలక. ముగ్గు ఇంటావిడ తిలకవతి చేతిదే. ఆవిడ ముగ్గు వేసేలోగా ఇరుళాయి పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద అంట్లు ముందేసుకుని కూర్చుంటుంది. పదకొండేళ్ళుగా రోజూ కడిగే వాకిట్లోంచి ఒక్కసారి కూడా ఇంట్లోకి పోలేదు. పొమ్మన్నవాళ్ళూ లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. అది అడగవలసిన ప్రశ్న అని ఎవరికీ అనిపించలేదు.

తిలకవతి ముగ్గు డబ్బాతో బయటికి వచ్చి ఆశ్చర్యపోయింది.

“ఏమే, ఇలక్కియవా నువ్వు? ఎంత పొడుగైనావే! డిగ్రీ చదివిన చేత్తో చీపురు పట్టినావే!” అంది. ఎగతాళి ఏమీ లేదు అందులో, నిజంగానే ముచ్చటపడింది. “పొల్లాచ్చిలో మా ఆడబిడ్డకు ముసలామెను చూసుకొనేదానికి మంచి పిల్ల కావాలంటా. తిండీ బట్టా ఆడనే. పోతావా?”

సందు మొగలోంచి ఇరుళాయి గొంతు వచ్చింది. “లేదమ్మా. అది ఆఫీసు పనికి చూస్తా ఉండాది.”

“ఆఫీసా? మంచిదే, మంచిదే,” అంది తిలకవతి. వంగి చుక్కలు పెట్టడం మొదలెట్టింది.

చెప్పాలంటే అదే సమయం. అమ్మా, మీ ఇంటి నంబరు నా కాగితంలో రాసుకున్నాను, తప్పయింది, ఎవరైనా వస్తే ఒక్క మాట సాయం చేయండి అంటే చాలు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గాని, ఈ అమ్మను అడిగితే ఏం పెడుతుందోనని ఇలక్కియకు ధైర్యం చాలలేదు. చుక్కలు గీతలయ్యాయి, గీతలు కమలమయ్యాయి, తిలకవతి చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పెరటి గోడ మీద బోర్లించిన స్టీలు గ్లాసు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు రెండు పెట్టారు. తిలకవతి వంటింటి గడపలోంచి వంగి, పైనుంచి కాఫీ పోసింది. గ్లాసుకు గిన్నె తగలలేదు. ఇరుళాయి ఊదుకుంటూ తాగి, తన గ్లాసు తానే కడిగి మళ్ళీ బోర్లించింది. ఇలక్కియకు నిన్నటి సాసరు గుర్తుకొచ్చింది. ఇదే వీధి పేరు చెప్పి తాగిన కాఫీ అది. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. అమ్మ ఇలా తాగుతున్నందుకు సిగ్గా, తాను అలా తాగివచ్చినందుకు సిగ్గా అంటే చెప్పలేదు. రెండూ కలిసిపోయాయి.

ఆ రోజు ఎవరూ రాలేదు.

శుక్రవారం ఇంటివాళ్ళు పొల్లాచ్చి ప్రయాణమయ్యారు. తలుపుకు తాళం వేసి, గేటు తాళంచెవి మాత్రం ఇరుళాయి చేతికిచ్చి, మొక్కలకు నీళ్ళు పట్టమన్నారు. ఇలక్కియకు ప్రాణం లేచివచ్చింది. ఇంట్లో ఎవరూ లేకపోతే అంతకన్నా కావలసిందేముంది? కాని పదింటికి కంపెనీ నుంచి ఫోను. సర్టిఫికెట్లు అసలువి తెచ్చి చూపించాలి, పన్నెండు లోపల.

ఇరుళాయి పైపు పట్టుకుని క్రోటన్లకు నీళ్ళు పోస్తోంది. ఇలక్కియ గేటు దాకా వెళ్ళి ఆగింది.

“మా, ఎవరైనా వస్తే…”

“వస్తే?”

పైపు లోంచి నీళ్ళు కుండీ నిండి పొర్లుతున్నాయి. అమ్మ పైపు పక్కకు మళ్ళించకుండా ఆమె వైపే చూస్తోంది. మన ఇంటి అడ్రసు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను అని కన్నతల్లితో ఎలా చెబుతారు? చెప్పేవాళ్ళుంటే ఉండొచ్చు. ఇలక్కియ వల్ల కాలేదు.

“ఏమీ లేదు. పోయేసి వస్తా,” అంది.

సర్టిఫికెట్లు చూడడం అయిదు నిమిషాల పని. వాటి కోసం గంటన్నర కూర్చోబెట్టారు. తిరిగి వచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. వాకిలి తడి ఆరిపోయింది.

ఇంట్లో ఇరుళాయి కాళ్ళు చాపుకుని పగిలిన మడమలకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఎవరైనా వచ్చారా అని కూతురు అడగలేదు. తల్లి చెప్పలేదు. కాసేపయ్యాక మాత్రం లేచి, పెట్టెలోంచి కూతురి నీలం చుడీదారు తీసింది. నలిగిన చోట చేత్తో సాపుచేసి, మడతపెట్టి పరుపు కింద పెట్టింది.

“సోమవారానికి ఇది వేసుకో,” అంది.

“పని ఇంకా ఖాయం కాలేదు మా.”

“అయితాది,” అంది ఇరుళాయి, వెనక్కి తిరగకుండా.

*

శనివారం తిరుమలసామి ఫైలు ముందు పెట్టుకుని హుషారుగా ఉన్నాడు. “అంతా సరిగ్గా ఉండాది. రండి, ఈడ ఒక సంతకం పెట్టేయండి,” అన్నాడు. పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. “మీ ఇంట్లో పనిమనిషి బలే మనిషండీ. మిమ్మల్ని అంతగా మెచ్చుకొనింది. ఈ కాలంలో అట్లాంటివాండ్లు దొరకరు.”

ఫైలు ఆమె వైపు తిప్పాడు.

ఫోటోను మామూలు కాగితం మీద అచ్చు వేశారు, రంగులు కాస్త పులుముకున్నాయి. మూసిన తలుపు, తాళం, ఇత్తడి పలక మీద పద్నాలుగు. పలక పక్కన, మూడో మెట్టు పైన, అమ్మ. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుని, ముందెన్నడూ ఫోటో దిగనిదానిలా నిటారుగా నిలబడి ఉంది. ఒక చెయ్యి వెనక దాచుకుంది. చీపురు పుల్లల కొసలు పాదం వెనక నుంచి కనబడుతున్నాయి.

కింద ఫారం. గళ్ళలో వెరిఫికేషన్ మనిషి చేతిరాత, ఇంగ్లీషులో.

ఇంటి దగ్గర కలిసినవారు: ఇరుళాయి.

సంబంధం: పనిమనిషి.

దరఖాస్తుదారు ఎన్నేళ్ళుగా తెలుసు: ఇరవై రెండు.

ఇలక్కియ ఆ అంకె దగ్గర ఆగిపోయింది. ఆ ఇంట్లో అమ్మ పని చేస్తున్నది పదకొండేళ్ళుగా. ఇరవై రెండు తన వయసు.

అభిప్రాయం: మంచి పిల్ల. నాలుగింటికి లేచి చదువుతుంది. ఎదురు మాట్లాడదు. అబద్ధం చెప్పదు.

దాని కింద సంతకం. తమిళంలో, ఒక్కో అక్షరమూ విడివిడిగా, చివరి అక్షరం గడి దాటి బయటికి వచ్చింది. బ్యాంకులో వేలిముద్ర వేయనక్కర్లేకుండా, ఇలక్కియ ఏడో తరగతిలో ఉండగా పలక మీద దిద్దించిన సంతకం అది. చివరి అక్షరం అమ్మకు ఎప్పుడూ గీతలో నిలవదు.

“చదివింది చాల్లేండి, పెట్టేయండి,” అన్నాడు తిరుమలసామి నవ్వుతూ. “ఇరవై రెండేళ్ళు అంటే మీరు పుట్టినప్పటి నుంచీ ఉండాదేమో మీ ఇంట్లో.”

“ఆమాండీ,” అంది ఇలక్కియ. “పుట్టినప్పటి నుంచీ.”

పెన్ను కాగితం మీద ఆనించింది. ఆనించినచోట సిరా చుక్క పెద్దదవుతోంది. ఇంకొక్క గీత, అంతే. సోమవారం నీలం చుడీదారు, ఆంధ్ర బల్ల, మోగే ఫోను. అమ్మ మెట్టెక్కి మరీ ఇచ్చిన ఉద్యోగం. వద్దనడానికి తానెవరు? కాని అబద్ధం చెప్పదు అన్న రెండు మాటల పక్కన తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

“ఆమె మా అమ్మండీ,” అంది.

“ఎవరు?”

“ఈ ఫోటోలో ఉండేది. మా ఇంట్లో పనిమనిషి లేదు సార్. ఆ ఇంట్లో పని చేసేది మా అమ్మ. మాది మేట్టు కాలనీ.”

తిరుమలసామి నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఫోటో చూశాడు, ఆమెను చూశాడు. చెడ్డవాడేమీ కాదు. ఇబ్బందిపడ్డాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు కూడా.

“ముందే చెప్పి ఉండాల్సింది,” అన్నాడు.

“ముందే చెప్పి ఉంటే పిలిచి ఉందురా సార్?”

ఆయన ఫైలు తన వైపు తిప్పుకుని మూసేశాడు. తర్వాత మాట్లాడింది తమిళంలో.

“సరి. వెళియ ఉక్కారు. అప్పరం సొల్రోం.”

బయట కూర్చో, తర్వాత చెబుతాం అని. ఈ ఊరి తమిళంలో చిన్నపిల్లలకు కూడా మాట చివర తగిలించే ‘ంగ’ అన్న మర్యాద అందులో లేదు. తెలుగు అయిపోయింది, మీరు అయిపోయింది, అమ్మిణి అయిపోయింది. ఇలక్కియకు ముఖం భగ్గుమంది. నాలుగు రోజులుగా తిన్న సిగ్గు ఒకటైతే ఇది ఇంకొకటి. కాకపోతే ఈసారి ఆ సిగ్గు బల్లకు ఇటువైపు మాత్రమే లేదు. ఆయన ఆమె కళ్ళలోకి చూడలేక పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు.

ఆమె చెయ్యి చాచి తన రెజ్యూమె తీసుకుంది. పద్నాలుగును అడ్డంగా కొట్టేసి, దాని పైన ఇరుకులో, మేట్టు కాలనీ, మూడో వరస, అని చేత్తో రాసింది. తెలుగు జోలికి పోలేదు. కాగితాన్ని మళ్ళీ ఆయన ముందే పెట్టింది.

“ఫోను నంబరు అదేనండీ,” అంది తెలుగులోనే.

బయటి బెంచీ మీద ఒంటిగంట దాకా కూర్చుంది. ఎవరూ పిలవలేదు. లోపల ఆంధ్ర బల్ల మీద ఫోను రెండుసార్లు పూర్తిగా మోగి ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె లేచి వచ్చేసింది.

*

తిలకవతి వాళ్ళు పొద్దున్నే పొల్లాచ్చి నుంచి తిరిగి వచ్చినట్టున్నారు. గేటు తీసే ఉంది, వాకిట్లో కొబ్బరికాయల బస్తా దింపి ఉంది. ఇలక్కియ పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళింది. ఇరుళాయి కుళాయి కింద ఇత్తడి గుండిగను ఒళ్ళోకి వంచుకుని కొబ్బరిపీచుతో తోముతోంది. కూతురిని చూసి చెయ్యి ఆపింది.

“ఆయెనా?”

“చెప్పేసినా మా.”

“ఏం చెప్పితివి?”

“ఫోటోలో ఉండేది మా అమ్మ అని.”

గుండిగ నేలకు తగిలి ఖంగుమంది. “ఎందుకే చెప్పితివి? పాపీ!” ఇరుళాయి గొంతు పెద్దది చేయబోయి, వంటింటి వైపు చూసి, అణుచుకుంది. “ఆ మనిషి నీ ఫోటో చూపించి ఈమె ఇల్లు ఇదేనా అని అడిగె. నాకు గుండె ఆగిపాయె. రెండు దినాలుగా నువ్వెందుకు ఈ వాకిలి చుట్టూ తిరుగుతా ఉంటివో అప్పుడు తెలిసె. పైమెట్టు మీద నిలబడు, నంబరు కనబడాల అనె. పదకొండేళ్ళలో ఎక్కని మెట్టు ఎక్కితి, ఎవరైనా చూస్తారా అని వీధి పక్క చూస్తా నిలబడితి. అదంతా దేనికి? నువ్వు పోయి చెప్పేసేదానికా?”

ఇలక్కియ తడి నేల మీదే కూర్చుంది. “నిన్ను పనిమనిషి అని రాసినాడు మా.”

“పనిమనిషినే కదా.”

“నాకు…”

“ఈ ఇంటికి నువ్వెవరు అని అడిగె. పనిమనిషి అంటిని. ఎన్నేళ్ళుగా ఈ పిల్లను తెలుసు అనె. ఇరవై రెండు అంటిని. ఏదే అందులో అబద్ధం?” ఇరుళాయి గుండిగను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. పీచు బూడిదలో అద్దింది. తోమలేదు. “ఈ పిల్లకు నువ్వెవరు అని మాత్రం అడగలా. నేను సామికి మొక్కుకుంటానే ఉంటిని, అది అడగకూడదు అని.”

“అడిగి ఉంటే?”

“అడిగి ఉంటే నీ పని ఆడనే పోయి ఉండును,” అంది ఇరుళాయి. “ఆ ఒక్క అబద్ధం నా నోట రాదే కణ్ణూ.”

ఇలక్కియ ఏడవలేదు. పక్కనున్న రెండో పీచు తీసుకుంది. అమ్మ దాన్ని లాక్కోబోయింది, ఈసారి వదల్లేదు. కాసేపు ఆ పీచును ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఉన్నారు.

వంటింట్లోంచి తిలకవతి గొంతు వినబడింది. “ఎవరే ఇరుళాయీ, వెనకాల మాటలు? ఎవరు వచ్చిరి?”

ఇరుళాయి పీచు వదిలేసింది. కూతురి వైపు చూసింది. నోరు తెరిచింది గాని, ఏమని చెప్పాలో ఈ పిల్లనే అడగాలన్నట్టు ఆగింది.

ఇలక్కియ లేచి నిలబడింది. వంటింటి గడప దాకా వినబడేలా, ముందు వీధి దాకా వినబడినా ఫరవాలేదన్నంత గట్టిగా చెప్పింది.

“నేనమ్మా. ఇరుళాయి కూతురిని. మీ ఇంటి నంబరు గురించి మీతో ఒక మాట చెప్పాల, ముందువాకిట్లోకి రండి.”